పన్ను తగ్గింది సరే... పంటి ఖర్చు తగ్గేదెలా?

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. కింది దవడలో సాయంత్రం మొదలైన సలుపు ఇప్పుడు చెవి దాకా పాకింది. మీరు మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లి, పోపుల డబ్బాలో లవంగం వెతికి పంటి కింద పెట్టుకుంటారు. దాంతో తగ్గకపోతే ఎప్పుడో మిగిలిన నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటారు. తెల్లారేసరికి కాస్త నయం. పిల్లల స్కూలు, ఆఫీసు, నెలాఖరు... 'మళ్లీ వస్తే చూద్దాంలే' అనుకుంటారు.

మన ఇళ్లలో పంటి వైద్యం మొదలయ్యేదీ, ఆగిపోయేదీ ఇక్కడే. ఈ 'చూద్దాంలే'కి చివరికి ఎంత కట్టాల్సి వస్తుంది? మన దగ్గర దంత వైద్యం ఎందుకు భారమవుతోంది? తక్కువ ఖర్చులో మంచి వైద్యం ఎక్కడ దొరుకుతుంది? ఈ వారం వీటి గురించి వివరంగా మాట్లాడుకుందాం.

తగ్గింది ఎంత? మిగిలింది ఎంత?

2025 సెప్టెంబరు 22 నుంచి టూత్‌పేస్టు, టూత్‌బ్రష్షు, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం (ఫ్లాస్‌) మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పళ్లపొడి మీద ఉన్న 12 శాతం కూడా 5కు దిగింది. అదే రోజు నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీని పూర్తిగా తీసేశారు. రెండూ మధ్యతరగతికి మేలు చేసే నిర్ణయాలే. అయితే పంటి ఖర్చులో ఇవి ఎంత తేడా తెస్తాయో ఒకసారి లెక్క వేద్దాం.

పన్ను కలపక ముందు 100 రూపాయలున్న పేస్టు ఇంతకుముందు 118కి వచ్చేది. ఇప్పుడు 105కి రావాలి. అంటే ధరలో దాదాపు 11 శాతం తగ్గుదల. నలుగురున్న ఇంట్లో నెలకు 200 రూపాయల పేస్టు వాడుతున్నారనుకుంటే ఏడాదికి 2,400. తగ్గింపు మొత్తం మీ చేతికి అందితే మిగిలేది సుమారు 260 రూపాయలు. ఇంటిల్లిపాదికీ ఒక విడత కొత్త బ్రష్షులు వస్తాయి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఒక్క దవడ పన్నుకు రూట్‌ కెనాల్‌ చేయించి, దాని మీద తొడుగు వేయించుకుంటే ప్రైవేటు క్లినిక్‌లో ఎనిమిది వేల రూపాయలు కావడం మామూలే. ఏడాదికి 260 చొప్పున పక్కన పెడితే ఆ ఎనిమిది వేలు కూడేసరికి ముప్పై ఏళ్లు పడుతుంది. దంత చికిత్స మీద మొదటి నుంచీ జీఎస్టీ లేదు కాబట్టి అక్కడ తగ్గేదేమీ లేదు. కాబట్టి కుటుంబానికి నిజమైన ఆదా దుకాణంలో దొరకదు. సరైన సమయానికి డాక్టరు దగ్గరికి వెళ్లడంలోనే ఉంది.

నొప్పి పోయిందంటే నయమైనట్టేనా?

పిప్పి పన్ను ఒక్క రోజులో రాదు. మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటిపై ఉండే గట్టి పొర ఎనామెల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. మొదట కనిపించేది సుద్దముక్క రంగులో చిన్న తెల్ల మచ్చ. ఈ దశలో ఫ్లోరైడ్‌తో, తిండి అలవాట్లు మార్చుకోవడంతో పన్ను మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

దాన్ని పట్టించుకోకపోతే మచ్చ కాస్తా గుంట అవుతుంది. గుంట ఎనామెల్‌ దాటి లోపలి పొర డెంటిన్‌కు చేరితే చల్లటి నీళ్లు తాగినప్పుడు, తీపి తిన్నప్పుడు జివ్వుమంటుంది. ఇక్కడ ఫిల్లింగ్‌ సరిపోతుంది. ఇంకా లోపలికి, నరం ఉండే పల్ప్‌ దాకా పోతే రాత్రిపూట సలుపు మొదలవుతుంది. పడుకోగానే నొప్పి ఎక్కువవడం దీని లక్షణం. అప్పుడు రూట్‌ కెనాల్‌ తప్పదు.

చాలామంది మోసపోయేది ఆ తర్వాతి దశలో. కొద్ది రోజుల విపరీతమైన నొప్పి తర్వాత ఒక్కసారిగా హాయిగా ఉంటుంది. లవంగం పనిచేసిందనో, మందుల షాపులో తెచ్చుకున్న మాత్రలతో తగ్గిపోయిందనో అనుకుంటాం. నిజానికి లోపలి నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి తెలియడం లేదు. ఇన్‌ఫెక్షన్‌ మాత్రం వేరు చివరి నుంచి ఎముకలోకి పాకుతూనే ఉంటుంది. కొన్ని నెలలకు చిగురు మీద చీము పొక్కులా లేస్తుంది. లేదంటే తెల్లారేసరికి చెంప వాచిపోతుంది.

ఖర్చు కూడా ఈ మెట్ల లెక్కనే పెరుగుతుంది. ఊరిని బట్టి, క్లినిక్‌ని బట్టి తేడాలుంటాయి గానీ, మన పట్టణాల్లో స్థూలంగా చూస్తే ఒక ఫిల్లింగ్‌ వెయ్యి రూపాయల అటూఇటూగా అవుతుంది. రూట్‌ కెనాల్, తొడుగు కలిపి ఎనిమిది నుంచి పదిహేను వేలు. పన్ను పీకించుకుని దాని స్థానంలో ఇంప్లాంట్‌ పెట్టించుకోవాలంటే పాతిక వేల పైమాటే. పన్ను అదే, గుంట కూడా అదే. మీరు వెళ్లే సమయం మారిందంతే. వెయ్యి దగ్గర తేలాల్సినది పాతిక వేల దాకా పోయింది.

చిగుళ్ల జబ్బు ఇంకా నిశ్శబ్దంగా వస్తుంది. పళ్ల మీద పేరుకున్న పాచి గట్టిపడితే గార అవుతుంది. బ్రష్‌ చేసేటప్పుడు రక్తం కనిపించడం తొలి హెచ్చరిక. ఇక్కడ గార తీయించుకుని (స్కేలింగ్‌) సరిగా బ్రష్‌ చేస్తే చిగుళ్లు మామూలైపోతాయి. ఆ దశ దాటితే పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముకను పూర్తిగా తిరిగి తేవడం చాలా కష్టం. 'స్కేలింగ్‌ చేయిస్తే పళ్లు వదులవుతాయి' అని మనలో బలమైన అపోహ ఉంది. గార పళ్ల సందుల్లో సిమెంటులా నిండి ఉన్నంతకాలం ఆ కదలిక తెలియదు. తీసేశాక తెలుస్తుంది. పంటిని వదులు చేసింది అన్నేళ్లు ఉండిపోయిన గారే. అలాగే 'పైపన్ను పీకితే కంటిచూపు పోతుంది' అన్న మాటకూ ఆధారం లేదు. పంటి నరాలకూ చూపునిచ్చే నరానికీ సంబంధం లేదు.

కాలేజీలు వందల్లో... ఊళ్లో డాక్టరు మాత్రం లేరు

నోటి జబ్బులు మన ఒక్కరి సమస్య కాదు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 350 కోట్ల మంది వీటితో బాధపడుతున్నారని, వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్య, తక్కువ ఆదాయ దేశాల్లోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో విడుదల చేసిన నివేదికలో తెలిపింది. మన దేశంలో డెంటల్‌ కౌన్సిల్‌ 2002-03లో చేయించిన జాతీయ సర్వేలో పన్నెండేళ్ల పిల్లల్లో సగానికి పైగా, 35-44 ఏళ్ల వారిలో ఏకంగా 80 శాతం మందికి పిప్పి పళ్లున్నట్టు తేలింది. ఆ సర్వే జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఈ మధ్యకాలంలో మన ఇళ్లలోకి ఎన్ని రకాల బిస్కెట్లు, చాక్లెట్లు, సీసా పానీయాలు వచ్చి చేరాయో మీకు చెప్పనక్కర్లేదు.

మరి డాక్టర్ల కొరత ఉందా అంటే, దేశంలో 300కు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి. ఏటా వేలమంది బీడీఎస్‌ పట్టా పుచ్చుకుంటున్నారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ఒక్కో కాలనీకి నాలుగైదు డెంటల్‌ క్లినిక్‌లు కనిపిస్తాయి. కొత్తగా క్లినిక్‌ తెరిచిన కుర్ర డాక్టరు పేషెంట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. అదే నగరానికి యాభై కిలోమీటర్లు దాటి మండల కేంద్రానికి వెళ్తే అర్హత ఉన్న దంత వైద్యులు దొరకడం కష్టం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా దంత వైద్యులు ఉండరు. ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో వెళ్లాలి.

కేంద్రం 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆయుష్మాన్‌ ఆరోగ్య మందిరాల్లో అందించాల్సిన 12 రకాల సేవల్లో ప్రాథమిక నోటి సంరక్షణ కూడా ఉంది. 2023లో పాత డెంటిస్టుల చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్‌ చట్టం వచ్చింది. కాగితం మీద దారి వేసి ఉంది. కానీ ఆ దారి మన ఊరి ఆసుపత్రిలో ఒక డెంటల్‌ కుర్చీ, దాని పక్కన ఒక డాక్టరు, ఫిల్లింగ్‌ సామగ్రి దాకా రావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అక్కడ జరిగేది పన్ను పీకడం ఒక్కటే. పన్నును కాపాడే వైద్యం డబ్బున్నవారికి, పీకే వైద్యం లేనివారికి అన్నట్టుగా తయారవుతున్నది అందుకే.

బీమా కార్డుకు పళ్లు కనిపించవు

మీ ఇంటి ఆరోగ్య బీమా పత్రం ఒకసారి తీసి చదవండి. చాలా పాలసీల్లో దంత చికిత్స మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. ప్రమాదంలో దవడ విరిగి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం ఖర్చు ఇస్తారు. రూట్‌ కెనాల్‌ కోసం ఎవరూ ఆసుపత్రిలో చేరరు కాబట్టి అది బీమా లెక్కలోకి రాదు. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియంతో ఓపీడీ రైడర్లు ఇస్తున్నాయి. వాటిలో దంత చికిత్సకు ఏడాదికి ఎంత పరిమితి, ఎన్నాళ్ల తర్వాత అమల్లోకి వస్తుంది, ఏ క్లినిక్‌లలో చెల్లుతుంది అన్నవి అడిగి తెలుసుకున్నాకే తీసుకోండి. కట్టే అదనపు ప్రీమియం కన్నా వచ్చే పరిమితి తక్కువైతే ఆ డబ్బు విడిగా దాచుకోవడమే మేలు.

ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు నోటి క్యాన్సర్, దవడ శస్త్రచికిత్సల వంటి పెద్ద వైద్యానికి అక్కరకొస్తాయి. మామూలు ఫిల్లింగ్‌కు, తొడుగుకు వాటి మీద ఆశ పెట్టుకోలేం.

అయితే కొందరికి హక్కు ఉన్నా తెలియక వాడుకోవడం లేదు. మీ ఇంట్లో ఎవరి జీతమైనా నెలకు 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ కడుతుంటే, వారితో పాటు వారిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకూ ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లోని దంత విభాగంలో చికిత్స అందుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులకు సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్, రైల్వే ఉద్యోగులకు రైల్వే ఆసుపత్రులు ఉన్నాయి. రిటైరైన మీ నాన్నగారి కార్డు బీరువాలో ఉంటే బయటికి తీయండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఇంకో మాట. అక్కడ పళ్ల బీమా వేరు, ఒంటి బీమా వేరు. మీరు తీసుకునే ప్రయాణ బీమా సాధారణంగా పళ్ల విషయంలో అత్యవసర నొప్పి వరకే, అదీ పరిమితితో ఇస్తుంది. అందుకే టికెట్‌ కొన్నాక చేయాల్సిన పనుల్లో పళ్ల పరీక్షను కూడా చేర్చండి. విమానం ఎక్కడానికి కనీసం రెండు నెలల ముందు వెళ్తే, ఏదైనా పని పడినా పూర్తవుతుంది.

తక్కువ ఖర్చులో ఎక్కడ?

మధ్యతరగతి వారు పెద్దగా పట్టించుకోని చోటు ఒకటుంది. అది దంత వైద్య కళాశాల ఆసుపత్రి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌ దగ్గర ప్రభుత్వ డెంటల్‌ కాలేజీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపల్లో ప్రభుత్వ కళాశాలలున్నాయి. విశాఖపట్నం, రాజమహేంద్రవరం, భీమవరం, ఏలూరు, గుంటూరు, నెల్లూరు, తిరుపతి, కర్నూలు, ఖమ్మం, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, నార్కట్‌పల్లి వంటి చోట్ల ప్రైవేటు డెంటల్‌ కాలేజీలున్నాయి. ప్రభుత్వ కళాశాలలో నామమాత్రపు రుసుముతో, ప్రైవేటు కళాశాలలో బయటి క్లినిక్‌ కన్నా బాగా తక్కువకు చికిత్స చేస్తారు.

ఎందుకు తక్కువ? విద్యార్థులు చదువు పూర్తి చేయాలంటే ఇన్ని ఫిల్లింగ్‌లు, ఇన్ని కట్టుడు పళ్లు, ఇన్ని స్కేలింగ్‌లు చేసి చూపించాలి. వారికి పేషెంట్లు కావాలి. మీకు తక్కువ ఖర్చులో వైద్యం కావాలి. 'విద్యార్థుల చేతికి పన్ను అప్పగించడమా?' అని మీకు అనిపించడం సహజమే. అక్కడ ప్రతి దశనూ అధ్యాపకులు చూసి సరేనన్నాకే తర్వాతి దశకు వెళ్తారు. కష్టమైన కేసులు పీజీ విద్యార్థులు, నిపుణులైన అధ్యాపకులే చూస్తారు. మీరు చెల్లించాల్సిన మూల్యం డబ్బు రూపంలో కాకుండా సమయం రూపంలో ఉంటుంది. బయట రెండు సార్లలో అయ్యే పనికి అక్కడ నాలుగైదు సార్లు తిరగాల్సి రావచ్చు. ఉదయం ఓపీ వేళకే వెళ్లాలి. పరీక్షల రోజుల్లో, సెలవుల్లో ఆలస్యమవుతుంది. నొప్పి లేని దశలో, అంటే స్కేలింగ్‌కూ చిన్న ఫిల్లింగ్‌లకూ అమ్మానాన్నల కట్టుడు పళ్లకూ ఇది మంచి దారి. సెలవు పెట్టుకోలేని ఉద్యోగి అయితే మీ రోజు కూలిని కూడా లెక్కలో వేసుకోండి. కొన్నిసార్లు దగ్గరి క్లినిక్కే చవక పడుతుంది.

ఏరియా, జిల్లా ఆసుపత్రుల దంత విభాగాలను కూడా ఒకసారి అడిగి చూడండి. ప్రభుత్వ పాఠశాలల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందాలు పళ్లను కూడా చూస్తాయి. సమస్య ఉంటే పై ఆసుపత్రికి రాసిస్తాయి. ఆ చీటీని మీ పిల్లల సంచిలోనే ఉండిపోనివ్వకండి.

క్లినిక్‌లో అడగాల్సినవి

ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లినప్పుడు మొహమాటం వద్దు. మంచి డాక్టర్లు ఈ ప్రశ్నలకు సంతోషంగానే జవాబు చెబుతారు.

• 'ఇప్పుడే చేయాల్సింది ఏది, ఆరు నెలలు ఆగగలిగింది ఏది?' ఒకేసారి ఆరు పళ్లకు పని చెప్పినా అన్నీ ఒకే నెలలో చేయించుకోవాల్సిన అవసరం ఉండకపోవచ్చు. ఇన్‌ఫెక్షన్‌ ఉన్నవి ముందు, మిగిలినవి విడతలుగా.

• 'ఎక్స్‌రేలో చూపిస్తారా?' పళ్ల మధ్య గుంటలు కంటికి కనిపించవు. చికిత్స ఎందుకు అవసరమో ఎక్స్‌రేలో మీకూ చూపించమనండి. ఆ ఫిల్మునో, ఫొటోనో తీసుకోండి. ఇంకో డాక్టరు సలహాకు పనికొస్తుంది.

• 'మొత్తం ఎంత?' రూట్‌ కెనాల్‌ ధర ఒకటి చెప్పి, తొడుగు ధర తర్వాత చెబితే బడ్జెట్‌ తారుమారవుతుంది. ఎక్స్‌రేలు, పోస్టు, తొడుగు అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి.

• 'తొడుగు ఏ రకం?' మాటల్లో కనిపించని వెనక దవడ పళ్లకు లోహపు తొడుగు బలంగా ఉంటుంది, చవక కూడా. పంటి రంగు తొడుగు అవసరం ముందు పళ్లకే ఎక్కువ. ఈ ఒక్క ఎంపికతో కొన్ని వేలు మిగలొచ్చు.

• 'ఇంప్లాంట్‌ కాకుండా ఇంకేం దారులున్నాయి?' బ్రిడ్జి, తీసి పెట్టుకునే పళ్లు కూడా ఉన్నాయి. కొందరికి చివరి దవడ పన్ను ఒకటి లేకపోయినా నమలడానికి ఇబ్బంది ఉండదు. ఏది నప్పుతుందో మీ పరిస్థితిని బట్టి తేల్చుకోవాలి.

బోర్డు మీద బీడీఎస్‌ లేదా ఎండీఎస్, రాష్ట్ర డెంటల్‌ కౌన్సిల్‌ రిజిస్ట్రేషన్‌ సంఖ్య ఉన్నాయా చూడండి. 'వెయ్యికే కట్టుడు పన్ను' అంటూ సిమెంటు లాంటి పదార్థంతో పక్క పళ్లకు అతికించేవారి దగ్గరికి వెళ్తే ఉన్న పళ్లు కూడా పోతాయి. పనిముట్లు సరిగా శుద్ధి చేయకపోతే హెపటైటిస్‌ బి, సి సోకే ప్రమాదమూ ఉంది.

ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు

మొత్తం వ్యాసంలో అన్నిటికన్నా చవకైన వైద్యం ఇదే. ఉదయం, రాత్రి రెండు నిమిషాల చొప్పున బ్రష్‌ చేయాలి. రెండింటిలో ఏదో ఒకటే కుదిరితే రాత్రిది మానకండి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. పళ్లను కాపాడే ఆ కవచం లేని వేళ నోట్లో తిండి ఉండకూడదు. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్షు వాడండి. గట్టిగా అడ్డంగా రుద్దితే పన్ను, చిగురు కలిసే చోట అరిగిపోతుంది. మూడు నెలలకో బ్రష్షు మార్చండి.

పేస్టు కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. ఫ్లోరైడ్‌ దాదాపు 1,000 పీపీఎం ఉండాలి. మూలికల పేరుతో వచ్చే కొన్ని పేస్టుల్లో ఫ్లోరైడ్‌ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్‌ టూత్‌పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. పేరులో మందు లేకపోయినా ఇది మందే. బ్రష్‌ చేశాక నురగ ఉమ్మేయండి చాలు. చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే పళ్లకు అంటిన ఫ్లోరైడ్‌ కూడా కొట్టుకుపోతుంది. పల్లెల్లో ఇప్పటికీ వాడే వేపపుల్లను మెత్తగా నమిలి వాడితే పాచి పోతుంది గానీ ఫ్లోరైడ్‌ అందదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు గరుకుగా రుద్దితే ఎనామెల్‌ అరుగుతుంది.

తీపి విషయంలో ఎంత తిన్నామన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యం. తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ అరగంట అటూఇటూగా ఆమ్లం పంటి మీద పనిచేస్తుంది. తర్వాత లాలాజలం దాన్ని సరిచేస్తుంది. సంక్రాంతికి అమ్మమ్మ పంపిన అరిసెను భోజనంతో పాటు తినేస్తే ఒకే దాడి. అదే అరిసెను టీవీ ముందు కూర్చుని సాయంత్రమంతా తుంచుకుంటూ తింటే పది దాడులు. ఆఫీసులో గంటకో టీ తాగే అలవాటుంటే, కనీసం కొన్నింటిలో చక్కెర మానేయండి.

'పాలపళ్లే కదా' అనుకోకండి

ఆరో ఏట పిల్లలకు పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఓ పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుని చాలామంది తల్లిదండ్రులు వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన శాశ్వత దంతం. దాని పైన లోతైన గాడులుంటాయి. వాటిలో తిండి ఇరుక్కుని త్వరగా పుచ్చిపోతుంది. మీ బాబుకో, పాపకో ఆరేడేళ్లుంటే ఈ రాత్రే టార్చి వేసి చూడండి. ఆ గాడులను పూడ్చే సీలెంట్‌ గురించి డాక్టరును అడగండి.

మొదటి పన్ను వచ్చినప్పటి నుంచే బ్రష్‌ చేయించాలి. మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. నోట్లో తీపి పాల సీసాతో నిద్రపుచ్చడం ముందు పళ్లు పుచ్చిపోవడానికి పెద్ద కారణం. పుచ్చిన పాలపళ్లను భయపడే పిల్లల్లో డ్రిల్లు లేకుండానే ఆపే సిల్వర్‌ డయమిన్‌ ఫ్లోరైడ్‌ అనే చవకైన ద్రవం ఉంది. పుచ్చిన చోట నల్లగా అవుతుంది గానీ పుచ్చు పాకడం ఆగుతుంది. పాలపన్ను ముందే పోతే పక్క పళ్లు జరిగి, శాశ్వత దంతాలు వంకరగా వస్తాయి. తర్వాత క్లిప్పులకు వేలల్లో అవుతుంది.

షుగరు ఉన్నవారూ, గర్భిణులూ

దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్‌ అధ్యయనం తేల్చింది. మధుమేహానికీ చిగుళ్ల జబ్బుకూ రెండు వైపులా సంబంధం ఉంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లలో ఇన్‌ఫెక్షన్‌ ఉంటే షుగరు అదుపు తప్పుతుంది. మందులు సరిగా వాడుతున్నా షుగరు తగ్గని పెద్దవారు ఇంట్లో ఉంటే ఒకసారి చిగుళ్లు చూపించండి. గర్భిణులకు చిగుళ్లు వాచి రక్తం కారడం మామూలే. 'కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి వెళ్లకూడదు' అన్నది సరికాదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చాలా చికిత్సలు నిశ్చింతగా చేయించుకోవచ్చు. గర్భం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మన నేల, మన అలవాట్లు

పళ్ల సమస్యల్లో కొన్ని మన ప్రాంతాలకే ప్రత్యేకం. ఫ్లోరోసిస్‌ను దేశంలో తొలిసారి 1937లో గుర్తించింది ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. నల్గొండ పేరు చెబితే చాలు ఫ్లోరైడ్‌ నీళ్లు గుర్తొస్తాయి. నీళ్లలో ఫ్లోరైడ్‌ ఎక్కువగా ఉంటే, పళ్లు ఏర్పడే చిన్న వయసులో వాటిపై పసుపు, గోధుమ మచ్చలు పడతాయి. అవి పాచి మచ్చలు కావు. ఎంత రుద్దినా పోవు. అలాంటి ఊళ్లలో ఉంటే పిల్లలకు శుద్ధి చేసిన నదీజలాన్నే తాగించండి, పేస్టు మింగకుండా చూడండి.

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరప్రాంత పల్లెల్లో కొందరు స్త్రీలు నిప్పున్న వైపును నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిట్లో క్యాన్సర్‌ వస్తుంది. మీ అమ్మమ్మకో, నాయనమ్మకో ఈ అలవాటుంటే అంగిలి తప్పక పరీక్ష చేయించండి. కుర్రాళ్లు సరదాగా నమిలే వక్కపొడి, గుట్కాలు కూడా తక్కువేం కాదు. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్‌ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ తేల్చింది. నోరు మునుపటిలా మూడు వేళ్ల వెడల్పు తెరుచుకోకపోవడం, కారం తగిలితే మండడం తొలి సంకేతాలు. ముప్పై ఏళ్లు దాటినవారికి ఉప ఆరోగ్య కేంద్రాల్లో నోటి క్యాన్సర్‌ పరీక్ష ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. అడిగి చేయించుకోండి.

వీటికి మాత్రం ఆగకండి

• చెంప లేదా దవడ కింద వాపుతో పాటు జ్వరం, మింగడం కష్టంగా ఉండటం, ఊపిరి ఆడకపోవడం. ఇది ప్రాణాపాయం. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

• రెండు వారాలు దాటినా మానని నోటి పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ.

• దెబ్బ తగిలి ఊడిన శాశ్వత దంతం. వేరును ముట్టుకోకుండా, పాలలో వేసి గంట లోపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే తిరిగి అమర్చే అవకాశం ఉంది. రుద్ది కడగకండి.

నొప్పి వచ్చిందని మందుల షాపులో యాంటీబయాటిక్‌ అడిగి తెచ్చుకోవడం మానేయండి. లోపల పుచ్చు అలాగే ఉండిపోతుంది. ఆ మందు మళ్లీ అవసరమైనప్పుడు పనిచేయకపోవచ్చు. మాత్రను పొడి చేసి చిగురు మీద పెడితే అక్కడ కాలినట్టు పుండవుతుంది.

అడగాల్సింది మనమే

పేస్టు మీద పన్ను తగ్గించిన చొరవే చికిత్స విషయంలోనూ కనిపించాలి. ప్రతి మండల స్థాయి ఆసుపత్రిలో ఫిల్లింగ్‌ చేసే డాక్టరు, ప్రతి పాఠశాలలో ఏడాదికోసారి పళ్ల పరీక్ష, బీమాలో కనీసం రూట్‌ కెనాల్‌కు చోటు. ఇవి అసాధ్యమైన కోరికలు కావు. ఏటా వేలమంది దంత వైద్యులను తయారు చేస్తున్న దేశానికి వారిని ఊళ్లకు చేర్చడమే మిగిలిన పని. మార్చి 20న ప్రపంచ నోటి ఆరోగ్య దినం నాడు ర్యాలీలు తీయడంతో అది పూర్తి కాదు.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో ఎవరికీ ఏ నొప్పీ లేని ఒక నెలను ఎంచుకోండి. అమ్మానాన్నల నుంచి పిల్లల దాకా అందరికీ ఒకసారి పళ్ల పరీక్ష చేయించండి. కనిపించిన చిన్న గుంటలను చిన్నవిగా ఉన్నప్పుడే పూడ్పించండి. పోపుల డబ్బాలోని లవంగం అప్పుడు పలావులోకి మిగులుతుంది.